పాత టైర్లు ఎవరి పాలు?

ధర్మసూక్ష్మం అనగానే మనకు అంపశయ్య మీద భీష్ముడో, మడుగు గట్టున యక్షుడో గుర్తుకు వస్తారు. అవి పెద్ద సందర్భాలు. రాజ్యాలు, యుద్ధాలు, తమ్ముళ్ల ప్రాణాలు అక్కడ పందెం. మనబోటి ఉద్యోగస్థుల జీవితంలో అటువంటి సందర్భాలు ఎన్ని వస్తాయి? మనకు వచ్చేవి రిఫ్రిజిరేటరు కొనడం, ఇంటి కప్పు బాగుచేయించడం, పిల్లవాడికి చిన్నదైపోయిన సైకిలును ఎవరికి ఇవ్వాలా అని ఆలోచించడం. ధర్మదేవతకు మనల్ని పరీక్షించాలనిపిస్తే అక్కడే పరీక్షించాలి. ఆమెకు వేరే చోటు దొరకదు.

అందుచేత ఈ వ్యాసం ఒక పాత పికప్ ట్రక్కుకు చక్రాలూ టైర్లూ ఎంచుకోవడం గురించి. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. నవ్వు అయిపోయాక చివరిదాకా చదవమని మాత్రం మనవి.

రెసిడెన్సీ ముగించి, డాక్టర్లు చాలని పల్లె ప్రాంతంలో మూడేళ్లు పనిచేసే షరతు మీద వీసా సంపాదించుకున్న వైద్యులు మన సంఘంలో కొందరున్నారు. నేనూ వారిలో ఒకణ్ణి. అటువంటి ఊళ్లలో పికప్ ట్రక్కు లేని ఇల్లు, మన ఊళ్లలో తులసికోట లేని ఇల్లు వంటిది. నేను కొన్నది 1994 నాటి ఫోర్డ్ ఎఫ్-150. ఇక డ్రైవింగు మానేద్దామనుకున్న ఒక పెద్దాయన దగ్గర మూడు వేల డాలర్లకు తీసుకున్నాను. మా ఆవిడ దానికి "ముసలెద్దు" అని పేరు పెట్టింది. పేరు ఎలాగున్నా ఉగాది నాడు స్టేజీ చెక్కలు, పెద్ద అన్నం గిన్నెలు, మడత కుర్చీలు మోసేది ఆ ముసలెద్దే. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వరు.

ఆ బండికి ముందరి రెండు టైర్లు నాలుగేళ్ల నాటివి. వాటి గాళ్ల లోతు అంగుళంలో 32వ వంతుల లెక్కన 5 ఉంది. కొత్త టైరుకు ఇది సాధారణంగా 10 నుంచి 12 దాకా ఉంటుంది. ఈ దేశంలో చాలా రాష్ట్రాలలో చట్టం ఒప్పుకునే కనీసపు లోతు 2. అంటే ఇవి సగం పైన అరిగినా చట్టానికి లోబడినవే. వెనుక రెండూ చూడటానికి నవనవలాడుతున్నాయి. గాళ్లు లోతుగా ఉన్నాయి, అంచులు పదునుగా ఉన్నాయి. చాలాకాలం కొట్టంలో పడివుండి, అమ్మేముందు బండికెక్కినవట. కాని టైరు పక్కన డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివర నాలుగంకెలు ఉంటాయి. 2000 నుంచి ఇది పద్ధతి. మొదటి రెండంకెలు వారం, తరువాతి రెండూ సంవత్సరం. 3514 అని ఉంటే 2014లో 35వ వారాన తయారైందని అర్థం. ఆ లెక్కన ఈ అందమైన టైర్లకు 11 ఏళ్లు దాటాయి.

మొదటి ప్రశ్న నా మిత్రుడు వేశాడు. "మూడు వేల బండికి ఎనిమిది వందలు పెట్టి టైర్లు వేయిస్తావా? వందో రెండు వందలో పారేసి సెకండ్‌హాండువి తగిలించు. బండే రేపో మాపో పోయేది."

వినడానికి ఇది లోకజ్ఞానంలాగే ఉంటుంది. ఇందులో ఒక పొరపాటు లెక్క దాగి ఉంది. టైరు విలువను బండి విలువతో కొలుస్తున్నాము. టైరుకు బండి ఖరీదు తెలియదు. దానికి తెలిసినవి బరువు, వేగం, వేడి, గాలి, నేల తడి. గంటకు 60 మైళ్ల వేగంతో పోయే బండి సెకనుకు 88 అడుగులు దాటుతుంది. దాదాపు రెండు టన్నుల ఇనుము అది. దానికీ భూమికీ మధ్య ఏ క్షణాన చూసినా నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే ఆనుకుని ఉంటుంది. ఎదుటివాడి కారును గుద్దితే మూడు వేల బండి గుద్దినా అరవై వేల బండి గుద్దినా ఆ ఇంట్లో ఏడుపు ఒకటే.

వైద్యంలో ఈ లెక్క మాకు రోజూ ఎదురవుతుంది. ఎనభై రెండేళ్ల ముసలమ్మ తుంటి ఎముక విరిగి వస్తుంది. "ఈ వయసులో ఆపరేషన్ అవసరమా?" అని ఎవరో ఒకరు అంటారు. వయసు ఎంత అన్నది సరైన ప్రశ్న కాదు. ఆమె మొన్నటిదాకా నడిచిందా, రేపు నడవాలనుకుంటున్నదా, మత్తుమందును గుండె తట్టుకుంటుందా అన్నవి సరైన ప్రశ్నలు. అలాగే బండి పాతదా అని అడగకూడదు. అది ఇంకా రోడ్డెక్కుతున్నదా అని అడగాలి. ఎక్కుతున్నంతకాలం దాని బ్రేకులకూ టైర్లకూ పాతబండి అనే రాయితీ లేదు. రాయితీ ఇవ్వదలిస్తే రంగుకు ఇవ్వవచ్చు, సీటు చిరుగుకు ఇవ్వవచ్చు, పలకని రేడియోకు ఇవ్వవచ్చు. ఎందుకంటే వాటివల్ల కలిగే కష్టం నాది. టైరు వల్ల కలిగే కష్టం నాది మాత్రమే కాదు. నా వస్తువులో ఏ భాగం నాది, ఏ భాగం పరాయివాడిది అని విడదీసి చూడటమే ఇక్కడ మొదటి ధర్మసూక్ష్మం అనుకుంటాను.

రెండవ ప్రశ్న ఏది తగినది అన్నది. దుకాణంలో నిలబడితే ఇది తోచినంత సులభం కాదు.

మా బండికి ఫ్యాక్టరీవారు నిర్ణయించిన కొలత పి235/75ఆర్15. పి అంటే ప్యాసింజరు తరహా. 235 అనేది మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 వంతులు టైరు పక్కగోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 15 అంటే అంగుళాలలో రిమ్ము వ్యాసం. ఈ లెక్క వేస్తే టైరు మొత్తం ఎత్తు సుమారు 28.9 అంగుళాలు. కొలత తరువాత 105 వంటి ఒక అంకె ఉంటుంది. అది మోయగల బరువుకు సంకేతం. 105 అంటే 925 కిలోలు. అయితే ప్యాసింజరు టైరును ట్రక్కుకు వేసినప్పుడు ఆ బరువును 1.10తో భాగించాలని ఇక్కడి ఫెడరల్ నిబంధన. అంటే 841 కిలోలే. ట్రక్కును జనం కారులా వాడరు, మట్టి వేస్తారు, కట్టెలు వేస్తారు, ఒక్కోసారి కొంచెం ఎక్కువే వేస్తారు అని నిబంధన వ్రాసినవారికి తెలుసు. మనిషి స్వభావాన్ని లెక్కలోకి తీసుకున్న ఇటువంటి నిబంధన చూస్తే నాకు ధర్మశాస్త్రకారుల మీద ఉన్నంత గౌరవం కలుగుతుంది.

దుకాణంలో గోడనిండా ఊరించేవి వేరే ఉంటాయి. 31 అంగుళాల ఎత్తు, పదిన్నర వెడల్పు టైర్లు, వాటికి తగ్గట్టు తళతళలాడే వెడల్పాటి రిమ్ములు. బండి ఒక్కసారిగా వస్తాదులా కనిపిస్తుంది. కాని 28.9కి బదులు 31 వేస్తే చక్రం ఒక్క చుట్టుకు నూటికి ఏడు వంతులు ఎక్కువ దూరం పోతుంది. స్పీడోమీటరు 60 చూపించేటప్పుడు బండి 64 మీద ఉంటుంది. బరువైన చక్రాన్ని ఆపడానికి ముప్పై ఏళ్ల నాటి బ్రేకులు మరింత శ్రమపడాలి. రిమ్ము బయటకు పొడుచుకువస్తే బేరింగుల మీద భారం పెరుగుతుంది. వీటిలో ఏదీ దుకాణం అద్దంలో కనిపించదు.

బలమైనది వేస్తే సరిపోతుంది గదా అని మరొక మార్గం ఉంది. ఎల్.టి. అనే గుర్తుతో వచ్చే లైట్ ట్రక్కు టైర్లు గట్టివే. కాని వాటి బలం వాటికి చెప్పిన ఎక్కువ గాలిలో ఉంది. మామూలు టైరుకు పట్టే 35 పౌండ్ల గాలి పట్టించి ఊరుకుంటే, అదే కొలత ప్యాసింజరు టైరు మోసేంత బరువు కూడా ఎల్.టి. టైరు మోయదు. గాలి పూర్తిగా పట్టిస్తే ఖాళీ ట్రక్కు వెనుక భాగం గతుకుల మీద గెంతుతుంది. రోజూ టన్ను బరువు లాగేవాడికి అది మందు. వారానికోసారి మడత కుర్చీలు మోసేవాడికి మోతాదు మించిన మందు. మందు మోతాదు రోగిని బట్టి ఉండాలి గాని మందు సీసా అందాన్ని బట్టి కాదు.

రిమ్ముల సంగతీ అంతే. 1996 దాకా వచ్చిన ఎఫ్-150కు అయిదు బోల్టులు, వాటి వృత్తం వ్యాసం అయిదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. 1997లో కంపెనీవారు దీన్ని 135కు మార్చారు. అయిదు మిల్లీమీటర్లు కూడా లేని తేడా. కంటికి కనపడదు, బోల్టు మాత్రం ఒప్పుకోదు. పాత ఉక్కు రిమ్ములు తీయించి చూస్తే తుప్పు పైపైనే ఉంది, పగుళ్లు లేవు, వంకర లేదు. గీకించి రంగు వేయించి వాటినే ఉంచాను. కావ్యాలకు ఔచిత్యం ప్రాణమని కాశ్మీర దేశపు క్షేమేంద్రుడు పదకొండవ శతాబ్దంలో ఒక గ్రంథమే వ్రాశాడు. చక్రాలకూ ఔచిత్యమే ప్రాణం. ఎక్కువ అనేది మంచికి పర్యాయపదం కాదు. ఈ దేశానికి వచ్చిన మనకు ఇది మాటిమాటికీ గుర్తుచేసుకోవలసిన సంగతి. ఇల్లు ఎంచుకునేటప్పుడు, పిల్లలకు చదువు ఎంచుకునేటప్పుడు కూడా మనం తరచు 31 అంగుళాల టైర్లవైపే చూస్తాము.

ఇంతవరకూ విషయం నా జేబుకూ నా బుద్ధికీ సంబంధించింది. మూడవ ప్రశ్న అలాంటిది కాదు. టైర్లు మార్చేచోట యజమాని మర్యాదగానే అడిగాడు. "పాతవి మా దగ్గరే వదిలేయండి. వెనుక జత భలేగా ఉంది, మధ్యాహ్నంలోగా ఎవరో ఒకరు పట్టుకుపోతారు."

వదిలేస్తే తప్పేముంది? చట్టం ప్రకారం వాటి గాళ్లు లోతుగానే ఉన్నాయి. టైరు ఇన్నేళ్లకు మించి వాడరాదని ఇక్కడ ఫెడరల్ చట్టమేదీ లేదు. ఫోర్డుతో సహా కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకు మార్చమంటాయి. కొన్ని టైరు కంపెనీలు పదేళ్లను చిట్టచివరి హద్దుగా చెబుతాయి. ఇవి సలహాలే. పైగా కొనేవాడు పేదవాడు. వాడికి మేలు జరుగుతున్నదని సరిపెట్టుకోవచ్చు.

రబ్బరు ముసలితనం రక్తనాళాల ముసలితనం వంటిది. పైకి మనిషి దృఢంగానే ఉంటాడు, లోపల గోడలు గట్టిపడుతూ ఉంటాయి. ప్రాణవాయువు లోపలి పొరలలోకి చేరి రబ్బరు సాగే గుణాన్ని తినివేస్తుంది. ఉక్కు తీగల అల్లికకూ రబ్బరుకూ మధ్య పట్టు సడలుతుంది. ఎండ ఎక్కువైతే ఇది త్వరపడుతుంది. చివరికి వేసవి మధ్యాహ్నం, నిండు బరువుతో, గాలి తక్కువైన టైరు మీద వేగంగా పోతుంటే పైచర్మం ఒలిచినట్టు ఊడి వస్తుంది. గాళ్ల లోతు చూసి దీన్ని ముందుగా చెప్పలేము.

టైరు చర్మం ఊడటం ఎంత ఘోరమో ఈ దేశం 2000లో చూసింది. ఆ ఏడు ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీవారు రోడ్ల మీద ఉన్న సుమారు 65 లక్షల టైర్లను వెనక్కు పిలిచారు. అవి ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసినవి. అవి పాతబడిన టైర్లు కావు. అయినా వేడి, తక్కువ గాలి, లోపల సడలిన పొరలు, అన్నీ అక్కడా ఉన్నాయి. ఈ దేశంలో 200 మందికి పైగా మరణాలను ప్రభుత్వ సంస్థ ఆ టైర్లతో ముడిపెట్టింది. ఆ నవంబరులోనే కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడు కార్లలో టైరు గాలి తగ్గితే వెలిగే పసుపు దీపం ఆ చట్టం పుణ్యమే. అయితే నన్ను ఎక్కువగా కలవరపరిచే సంగతి మరొకటి. ఇక్కడ టైర్లు వెనక్కు పిలవకముందే, 1999లో గల్ఫ్ దేశాలలోనూ, 2000 తొలి నెలల్లో మలేషియా, వెనిజువెలాలలోనూ ఫోర్డువారు అవే తరహా టైర్లను మార్చడం మొదలుపెట్టారు. ఎండ దేశాలవారు ముందు ప్రమాదాలు చూశారు. ఆ కబురు ఇక్కడి కుటుంబాలకు చేరడానికి సమయం పట్టింది. తెలిసినవాడి నోటికీ తెలియనివాడి చెవికీ మధ్య ఉన్న దూరంలో మనుషులు పోయారు.

నా ప్రశ్నకు జవాబు ఆ దూరంలోనే ఉన్నదని నాకు తోచింది. ఆ వెనుక టైర్ల వయసు నాకు తెలుసు. కొనేవాడికి తెలియదు. నలభై డాలర్లకు టైరు కొనేవాడు నాలుగంకెల సంకేతం చదవడం నేర్చుకుని ఉండడు. అందంగా ఉన్నాయి కనుక నమ్ముతాడు. నేను ఏమీ అబద్ధం చెప్పలేదు గదా అనుకోవచ్చు. నా బదులు టైరే అబద్ధం చెబుతుంది.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. మా ఆసుపత్రిలో రాత్రి పని చేసే సహాయకులలో కొందరు ముప్పై, నలభై మైళ్ల దూరం నుంచి వస్తారు. తెల్లవారి పార్కింగులో వారి కార్ల చక్రాలు చూస్తూ ఉంటాను. గాళ్లు పూర్తిగా మాసిపోయినవి, తీగలు బయటపడినవి కూడా కనిపిస్తాయి. అటువంటి ఆమెకు కొత్త టైర్లు కొనే స్తోమత లేదు. "నా పిల్లను ఎక్కించని టైరును ఎవరికీ ఇవ్వను" అని నేను భీష్మప్రతిజ్ఞ చేస్తే, ఆమె తీగలు తేలిన టైరు మీదనే ఇంటికి పోవాలి. నా చేతులు శుభ్రంగా ఉంటాయి, ఆమె గుంటలో పడుతుంది. ఆచారం పాటించి మనిషిని వదిలేయడం మన సమాజంలో కొత్త జబ్బు కాదు. వైద్యుడుగా కూడా నాకు తెలుసు, శ్రేష్ఠమైన మందు కొనలేని రోగికి రెండవరకం మందు వ్రాయడం ధర్మమే. మందే లేకుండా పంపడం అధర్మం.

కాని రెండవరకం మందు వ్రాసేటప్పుడు దాని సంగతి రోగికి చెబుతాము. ఇది ఇంత పని చేస్తుంది, ఈ లక్షణం కనిపిస్తే ఆపి రా, ఇన్ని నెలల తరువాత చాలదు అని చెబుతాము. గడువు దాటిన మందును మాత్రం పేదవాడికైనా ఇవ్వము. ఈ రెండింటికీ తేడా ఉంది. అరిగిన వస్తువు తక్కువ మంచిది. చెడిన వస్తువు మంచిదే కాదు. అరుగుదల కంటికి కనపడుతుంది, కొనేవాడు చూసి ధర కట్టగలడు. చెడటం కనపడదు, అందుచేత ధర కట్టలేడు.

ఆ లెక్కన ముందరి జత పోవచ్చు. నాలుగేళ్ల వయసు, అయిదు వంతుల లోతు, పక్కగోడలో మాట్లు లేవు. వర్షంలో కొత్తవాటిలా నీటిని తొలగించలేవు గాని తీగలు తేలిన టైరు కన్నా ఎన్నో రెట్లు నయం. తయారైన సంవత్సరం, మిగిలిన లోతు సుద్దతో వాటి మీద పెద్దగా వ్రాసి పెట్టమని అడిగాను. యజమాని సరేనన్నాడు. వెనుక జతను మాత్రం నా ఎదుటనే పక్కగోడలు కోసి తుక్కులో వేయమన్నాను. తుక్కు టైర్లు కొన్ని సిమెంటు కొలుములలో మండుతాయి, కొన్ని పొడియై ఆటస్థలాలలోనూ రోడ్లలోనూ కలుస్తాయి. పారవేసినందుకు టైరుకు నాలుగేసి డాలర్లు రుసుము. యజమాని నా వంక వింతగా చూశాడు. అమ్ముడుపోయే సరుకును డబ్బిచ్చి కోయించే డాక్టరును అతను అదివరకు చూసి ఉండడు.

ఈ సందర్భంలో కఠోపనిషత్తులో నచికేతుడి కథ గుర్తుకు రాకమానదు. తండ్రి వాజశ్రవసుడు సర్వస్వం దానం చేసే యాగం చేశాడు. చేసి, పాలు ఎండిపోయిన ముసలి ఆవులను బ్రాహ్మణులకు తోలించాడు. పిల్లవాడు అది చూశాడు. ఇటువంటి దానం చేసినవాడికి ఏ గతి పడుతుందని దిగులుపడ్డాడు. "మరి నన్నెవరికి ఇస్తావు?" అని మళ్లీమళ్లీ అడిగి తండ్రికి కోపం తెప్పించాడు. ఆ తరువాత యముడి ఇంటికి వెళ్లడం, ఆత్మవిద్య, అంతా మనకు తెలిసినదే. మనం ఆ ఆత్మవిద్యకు భాష్యాలు చదువుతాము, కథ ఎక్కడ మొదలైందో మరచిపోతాము. అంత పెద్ద వేదాంతమూ ఒక వట్టిపోయిన ఆవు దగ్గర మొదలైంది. తండ్రి లెక్కకు ఆవుల సంఖ్య సరిపోయింది. శాస్త్రానికి లోటు రాలేదు. పుచ్చుకున్నవాడికి మాత్రం పాలు రావు, పైగా గడ్డి ఖర్చు.

బాధ్యత ఎంతదాకా అని అడిగేవారుంటారు. టైరు గురించి ఇంత ఆలోచిస్తే రేపు ఊపిరి పీల్చడం గురించీ ఆలోచించాలి గదా! ఒక ఉదాహరణ చెబుతాను. సియాటిల్ ప్రాంతపు వాగులలో వాన పడినప్పుడల్లా గుడ్లు పెట్టడానికి వచ్చిన కోహో సాల్మన్ చేపలు గుంపులుగా చచ్చిపోతూ ఉండేవి. ఎన్నో ఏళ్లపాటు కారణం అంతుపట్టలేదు. 2020 డిసెంబరులో శాస్త్రజ్ఞులు కారణం ప్రకటించారు. రబ్బరు పగలకుండా టైర్లలో కలిపే 6పిపిడి అనే పదార్థం గాలిలోని ఓజోనుతో కలిసి వేరొక విషంగా మారుతున్నది. అరిగిన టైరు పొడి వాననీటితో వాగులో పడుతున్నది. 2020కి ముందు బండి నడిపినవాణ్ణి చేపల హంతకుడు అనలేము. తెలిసిన తరువాత అవసరం లేని వెడల్పు టైరు కొనేటప్పుడు, అవసరం లేని ప్రయాణం పెట్టుకునేటప్పుడు, ఆ వాగు కొంచెమైనా గుర్తుకు రావాలి. బాధ్యత జ్ఞానం వెంట నడుస్తుంది. జ్ఞానం ఎంతవరకు వస్తే బాధ్యత అంతవరకు వస్తుంది. తెలియకపోవడం దోషం కాదు. తెలుసుకోగలిగి, తెలిస్తే ఖర్చవుతుందని తలతిప్పుకోవడం దోషం.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మన సంఘాలవారు స్వదేశంలోని ఆసుపత్రులకు, బడులకు సామాను పోగుచేసి పంపే అలవాటు చాలా మంచిది. పెట్టెలు సర్దేచోట నేనూ కూర్చుంటాను కనుక చెబుతున్నాను. అందులో మనసు పెట్టి కొన్న వస్తువులు ఉంటాయి. పాత టైర్ల వంటివీ ఉంటాయి. ఇక్కడి 110 వోల్టుల పరికరాన్ని 230 వోల్టులున్న చోటికి ట్రాన్స్‌ఫార్మరు లేకుండా పంపుతాము. ప్రోబు లేని అల్ట్రాసౌండ్ యంత్రం, విడిభాగాలు తయారుకాని మానిటరు, వాడే పద్ధతి చెప్పే పుస్తకం పోయిన ఇన్ఫ్యూజన్ పంపు పంపుతాము. అక్కడ పూలదండ వేసి ఫోటో తీస్తారు. తరువాత అది వరండా మూల చేరి, వట్టిపోయిన ఆవులా చోటు తింటుంది. మందుల దానానికి ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1996లోనే మార్గదర్శకాలు ప్రకటించారు. వాటి సారాంశం సామాన్యమే. ఇచ్చే దేశంలో పనికిరాని నాణ్యత పుచ్చుకునే దేశంలోనూ పనికిరాదు. రోగులు వాడగా మిగిలిన మందులు పంపరాదు. చేరేనాటికి సాధారణంగా కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. అడగనిది పంపరాదు.

పాతవి పంపవద్దని నేను అనడం లేదు. అలా అంటే నా మాట నాకే అడ్డం వస్తుంది. అక్కడ ఏమీ లేనిచోట పాత యంత్రం ప్రాణం నిలబెడుతుంది, నా ముందరి జత టైర్లలాగ. సుద్దతో వ్రాసి పంపమంటున్నాను. వచ్చే పెట్టెలు కట్టేటప్పుడు ప్రతి వస్తువుకూ ఒక చిన్న కార్డు దారంతో కట్టాలని సభ్యుల ముందు పెడుతున్నాను. తయారైన సంవత్సరం, ఎన్ని వోల్టులు, ఏది సరిగా పనిచేయదు, విడిభాగాలు దొరుకుతాయా, సందేహం వస్తే మాలో ఎవరికి ఫోను చేయాలి. అయిదు పంక్తులు చాలు. వ్రాయడానికి మనసొప్పని వస్తువు ఉంటే అదే దాని జవాబు. దాన్ని ఇక్కడే తుక్కులో వేసి, రుసుము మనమే కట్టుకుందాము. నా రెండు టైర్లకు ఎనిమిది డాలర్లు అయింది.

కార్డు నమూనా ఒకటి వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను. ఇంకేం చేర్చాలో సభ్యులు చెప్పగలరు. "ఇంత తతంగం పెడితే పెట్టెలు నిండవు" అనేవారు కూడా తమ వాదం వ్రాసి పంపితే వచ్చే సంచికలో ఇద్దరమూ పాఠకుల ముందే తేల్చుకుంటాము.